పక్కింటి పెరడు, మన కిటికీ: మెల్‌బోర్న్‌లో బ్లాక్ (ఇంటి స్థలం) కొనేవాళ్లకి 9 మీటర్ల లెక్క

మా పైఅంతస్తులో వెనక గది కిటికీ ముందు నిలబడితే ఏమీ కనిపించదు. నీళ్లలో కాసిని పాలు కలిపినట్టుండే గాజు, పొద్దున పూట తెల్లగా వెలుగుతుంది, రాత్రి పక్కింటి లైటు వేస్తే పసుపు మరక ఒకటి పడుతుంది, అంతే. వాన పడుతోందో లేదో చప్పుడు బట్టి తెలియాలి. బిల్డర్ దగ్గర కాంట్రాక్టు మీద సంతకం పెట్టేనాటికే ఆ కిటికీ పక్కన డ్రాయింగులో చిన్న అక్షరాలతో 'ఓబీఎస్' అని రాసి ఉంది. మేం చూశాం, అడిగాం కూడా. 'అది ప్రైవసీ రూలండీ, అందరికీ ఉండేదే' అన్నారు. ఆబ్‌స్క్యూర్ గ్లాస్ అని దానర్థం, అంటే అవతలివి కనిపించని మసక గాజు. అది అందరికీ ఉండేది కాదని, మేం ఎంచుకున్న బ్లాక్‌కీ మేం ఎంచుకున్న ప్లాన్‌కీ కలిపి పడిన ఫలితమని అర్థమయ్యేసరికి ఇంట్లో పాలు పొంగించేశాం కూడా.

ఇప్పుడు టార్నెయిట్‌లో బ్లాక్ తీసుకున్న మా తోడల్లుడికి అవే డ్రాయింగులు వచ్చాయి. మూడు కిటికీల పక్కన ఓబీఎస్. 'ఇదేంటన్నయ్యా, మన ఇంట్లో మన కిటికీకి వీళ్ల పెత్తనమేంటి' అని ఫోను. మెల్‌బోర్న్ పడమటి శివార్లలో కట్టుకుంటున్న మనవాళ్లు చాలామంది ఇదే అడుగుతున్నారు కాబట్టి, విక్టోరియా రాష్ట్రంలో ఈ నిబంధన ఏమంటుందో, బ్లాక్ ఎంపికతో దానికి ముడి ఎక్కడ పడుతుందో మొదటి నుంచీ విప్పి చూద్దాం.

ఓవర్‌లుకింగ్ అంటే ఎవరు ఎవర్ని చూడటం

విక్టోరియాలో మామూలు ఒంటరి ఇంటికి వర్తించేవి 2018 నాటి బిల్డింగ్ రెగ్యులేషన్స్. అందులో 84వది ఓవర్‌లుకింగ్ గురించి. సారం ఇది: మీ ఇంట్లో మనుషులు మసలే గది కిటికీ నుంచి గానీ, ఎత్తుగా కట్టిన డెక్ లేదా బాల్కనీ నుంచి గానీ, ఆనుకుని ఉన్న స్థలంలో ఇప్పటికే ఉన్న ఇంటి గది కిటికీలోకీ, ఆ ఇంటివాళ్లు ఏకాంతంగా వాడుకునే పెరట్లోకీ చూపు నేరుగా పోకూడదు.

ఇందులో ప్రతి మాటకీ బరువుంది.

మనుషులు మసలే గదిని 'హ్యాబిటబుల్ రూమ్' అంటారు. పడకగది, హాలు, వంటగది, స్టడీ, పిల్లలు ఆడుకునే గది ఇవన్నీ అందులోకి వస్తాయి. బాత్రూమ్, టాయిలెట్, లాండ్రీ, ప్యాంట్రీ, బట్టల గది, నడవా, మెట్ల చోటు ఇవేవీ రావు. ఎక్కువసేపు నిలబడని చోటు నుంచి పొరుగింటికి ఇబ్బంది ఉండదన్నది దీని వెనక ఆలోచన. (ఫొటోలు కడిగే చీకటి గది కూడా మినహాయింపు జాబితాలో ఉంది, పాత రోజుల గుర్తుగా.) ఈ తేడాని గుర్తుపెట్టుకోండి, ఇంటి డిజైన్ మొత్తం చివరికి దీని మీదే తిరుగుతుంది.

ఏకాంతంగా వాడుకునే పెరడు అంటే ఇంటి వెనకో పక్కనో కంచె లోపల ఉండే భాగం, బట్టలు ఆరేసుకునేది, బార్బెక్యూ పెట్టుకునేది, అమ్మ ఇండియా నుంచి వచ్చినప్పుడు మధ్యాహ్నం కుర్చీ వేసుకుని కూర్చునేది. ఇంటి ముందు గడ్డి లెక్కలోకి రాదు, అది ఎలాగూ వీధిలో పోయే అందరికీ కనిపించేదే.

ఇక 'ఇప్పటికే ఉన్న ఇల్లు' అన్న మాట. దీని దగ్గరకి మళ్లీ వస్తాను, ఎందుకంటే కొత్త ఎస్టేట్లలో, అంటే కొత్తగా వేసిన లేఅవుట్లలో, అసలు కథంతా అక్కడే ఉంది.

9 మీటర్లు, 45 డిగ్రీలు, 1.7 మీటర్లు

చూపు పోతుందా లేదా అన్నది అభిప్రాయానికి వదిలేస్తే పొరుగువాళ్ల మధ్య గొడవలే మిగులుతాయి, అందుకని దాన్ని కొలతగా మార్చారు. కిటికీ నుంచి అడ్డంగా 9 మీటర్ల దూరం వరకే చూస్తారు. కిటికీ నుంచి నేరుగా ముందుకి, అటూ ఇటూ 45 డిగ్రీల లోపల పడే చూపునే లెక్కిస్తారు, అంటే తల పూర్తిగా పక్కకి తిప్పి గోడ వెంబడి చూసే చూపు లెక్కలోకి రాదు. కంటి ఎత్తుని గది నేల నుంచి 1.7 మీటర్లుగా తీసుకుంటారు.

వీటితో పాటు ఇంకో అంకె ఉంది, 800 మిల్లీమీటర్లు. సరిహద్దు దగ్గర నేల మట్టం కంటే మీ గది నేల 800 మిల్లీమీటర్ల లోపే ఎత్తుగా ఉండి, సరిహద్దు మీద కనీసం 1.8 మీటర్ల కంచె గానీ అలాంటి అడ్డు గానీ ఉంటే ఆ గదికి ఓవర్‌లుకింగ్ గొడవే లేదు. ఒకే అంతస్తు ఇళ్లు కట్టుకున్న చాలామందికి ఈ నిబంధన పేరు కూడా తెలియకపోవడానికి కారణం ఇదే. పైన కడితేనే, లేదా స్థలం వాలుగా ఉంటేనే ఇది తలెత్తుతుంది.

9 మీటర్లు దాటితే అవతలివాళ్లు కనిపించరని కాదు. బాగానే కనిపిస్తారు. ఆ దూరం తర్వాత దాన్ని చట్టం పట్టించుకోదు, అంతే.

ఒక బ్లాక్ మీద లెక్క వేసి చూద్దాం

ఇక్కడ మనవాళ్లు ఎక్కువగా చూసే సైజు 12.5 మీటర్ల వెడల్పు, 28 మీటర్ల లోతు. 350 చదరపు మీటర్లు, మన లెక్కలో దాదాపు 419 గజాలు. దాని మీద రెండంతస్తుల ఇల్లు అనుకుందాం. వీధి నుంచి 4 మీటర్లు వదిలి కింది అంతస్తు 19 మీటర్లు పోయింది, వెనక పెరటికి 5 మీటర్లు మిగిలింది. పై అంతస్తు పొట్టిగా 14 మీటర్లే ఉంది, అంటే పైన వెనక కిటికీ నుంచి వెనక కంచెకి 10 మీటర్లు.

చాలామంది ఇక్కడ ఊపిరి పీల్చుకుంటారు: 10 అంటే 9 కంటే ఎక్కువ, కాబట్టి వెనక ఇంటితో సమస్య లేదు. అది నిజమే. పట్టుకునేది వెనక ఇల్లు కాదు, పక్క ఇల్లు.

పై అంతస్తు పక్క గోడ సరిహద్దుకి ఎంత దూరంలో ఉండాలన్నదానికి సూత్రం ఉంది: 3.6 మీటర్ల ఎత్తు వరకూ 1 మీటరు, ఆ పైన 6.9 మీటర్ల వరకూ ప్రతి మీటరు ఎత్తుకీ 300 మిల్లీమీటర్ల చొప్పున పెంచుకుంటూ పోవాలి. గోడ ఎత్తు 6 మీటర్లయితే 1 మీటరుకి 0.72 కలిపి 1.72 మీటర్లు. వెనక పడకగది కిటికీ అంచు ఇంటి మూల నుంచి 1.2 మీటర్లు లోపలికి ఉందనుకోండి. అంటే ఆ అంచు నుంచి పక్క కంచెకి సుమారు 2.9 మీటర్లు. కిటికీ చూసేది వెనక్కే, కానీ 45 డిగ్రీల గీత గీస్తే అది 4.1 మీటర్ల దగ్గరే పక్క కంచెని తాకుతుంది. 9 మీటర్లలో సగం కూడా కాలేదు.

మరి కంచె అడ్డు ఉంది కదా అంటే, ఉంది. అందుకని ఎత్తు లెక్క కూడా వేయాలి. పై అంతస్తు నేల 3.1 మీటర్ల ఎత్తున ఉంటే కన్ను 4.8 మీటర్ల దగ్గర ఉంటుంది. కంచె ఎత్తు 1.8. కంటి నుంచి కంచె తల మీదుగా గీత గీసి ముందుకి లాగితే అది కిటికీ నుంచి సుమారు 6.6 మీటర్ల దగ్గర పక్కింటి నేలని తాకుతుంది. అంటే కంచెకి ఆనుకుని ఉన్న చోటు దాగుతుంది కానీ 6.6 నుంచి 9 మీటర్ల వరకూ ఉన్న నేల కనిపిస్తుంది. అక్కడ పక్కవాళ్ల పెరడుంటే మీ కిటికీ పట్టుబడినట్టే.

ఇప్పుడు మీ ఇంట్లో ఒక్క ఇటుక కూడా కదపకుండా పక్కింటిని మార్చి చూడండి. పక్కింటివాళ్ల కింది అంతస్తు మీ కిటికీ వరుస దాటి ఇంకో 5 మీటర్లు వెనక్కి పోయిందనుకుందాం. అప్పుడు 45 డిగ్రీల గీత కంచె దాటగానే వాళ్ల గోడకే కొట్టుకుంటుంది. వాళ్ల ఇల్లు అయిపోయి పెరడు మొదలయ్యే చోటికి గీత గీస్తే కంచె 5.8 మీటర్ల దూరంలో పడుతుంది, అక్కడి నుంచి కంచె తల మీదుగా పోయిన చూపు నేలని తాకేది 9.25 మీటర్ల దగ్గర. 9 దాటింది కాబట్టి లెక్కలోకి రాదు. (ఆ గోడలో వాళ్ల గది కిటికీ ఏదైనా ఉంటే దాని లెక్క మళ్లీ వేరు.)

నాకు ఇది అర్థమైన రోజు చాలా బాధేసింది. మా ప్లాన్‌ని బిల్డర్ క్యాటలాగ్‌లో చూసి, షోహోమ్‌లో (చూపించడానికి కట్టి ఉంచే నమూనా ఇంట్లో) ఆ వెనక గదిలో నిలబడి, పెద్ద కిటికీలోంచి ఆకాశం చూసి ఇష్టపడ్డాం. షోహోమ్ కిటికీలో అంత ఆకాశం దొరికిందంటే దాని పక్క స్థలాల పరిస్థితి వేరు. క్యాటలాగ్‌లో ఇల్లు ఒక్కటే ఉంటుంది, పొరుగు ఉండదు.

నిజం డ్రాయింగులకి ఈ గీతలు డ్రాఫ్ట్స్‌మన్ గీస్తారు, బిల్డింగ్ పర్మిట్ ఇచ్చే బిల్డింగ్ సర్వేయర్ చూసి ఒప్పుకోవాలి. నేల మట్టాలు కాస్త మారినా అంకెలు మారిపోతాయి, కాబట్టి పై లెక్కని పద్ధతి చూపడానికి వేసిందిగానే తీసుకోండి.

పట్టుబడిన కిటికీకి ఉన్న దార్లు

నిబంధన ఒకే దారి చూపించదు. గది నేల నుంచి 1.7 మీటర్ల వరకూ మసక గాజు పెట్టొచ్చు, దాని పైన మామూలు గాజు ఉండొచ్చు. కిటికీ అడుగే 1.7 మీటర్ల ఎత్తున మొదలయ్యేలా పెట్టొచ్చు, దాన్ని హైలైట్ విండో అంటారు. లేదా బయట శాశ్వతంగా బిగించిన తెర, 25 శాతానికి మించి ఖాళీలు లేనిది, అదే 1.7 మీటర్ల ఎత్తు వరకూ పెట్టొచ్చు. మసక గాజు తెరుచుకునేదైనా ఫర్వాలేదు, తెరిచినప్పుడు చూపు నేరుగా పోకుండా ఉండాలి. మామూలు గాజుకి ఫిల్మ్ అతికించేసి పని కానిద్దామంటే చాలా చోట్ల ఒప్పుకోరు, రేపు పీకేయొచ్చు కదా అని. కంచె పక్కన చెట్లు నాటినా అంతే.

వీటిలో ఏది మేలన్నది గదిని బట్టి. హైలైట్ విండో కాగితం మీద శుభ్రంగా ఉంటుంది, కానీ పడకగదికి కిటికీ గాజు ఆ గది నేల వైశాల్యంలో కనీసం 10 శాతం ఉండాలని జాతీయ నిర్మాణ నియమావళి అంటుంది. గది 3.3 మీటర్లకి 3.3 అయితే దాదాపు 1.09 చదరపు మీటర్ల గాజు కావాలి. 1.7 మీటర్ల పైన మీకు దొరికేది 40 సెంటీమీటర్ల ఎత్తు పట్టీ అనుకుంటే దాని పొడవు 2.7 మీటర్లు ఉండాలి, అంటే ఒక గోడంతా కిటికీయే. మంచం తల ఆ గోడకి పెడితే కుదురుతుంది, బీరువా పెడదామంటే కుదరదు.

ఇవేవీ వద్దు, మామూలు గాజే కావాలంటే కౌన్సిల్‌ని, అంటే మన మున్సిపాలిటీ లాంటి దాన్ని, 'రిపోర్ట్ అండ్ కన్సెంట్' అనే ప్రత్యేక అనుమతి అడగాలి. ఇబ్బంది పడే పొరుగువాళ్ల మాట కౌన్సిల్ వింటుంది, నిర్ణయం మాత్రం కౌన్సిల్‌దే. పక్కింటి ఆయన కాఫీ తాగుతూ 'నాకేం అభ్యంతరం లేదు' అన్నంత మాత్రాన సర్వేయర్ పర్మిట్ ఇవ్వలేరు.

పక్కది ఖాళీ స్థలమైతే

ఇందాక వదిలేసిన మాట ఇది. నిబంధన కాపాడేది ఇప్పటికే ఉన్న ఇంటిని. కొత్త ఎస్టేట్‌లో మీ చుట్టూ మూడు వైపులా గడ్డి, సర్వే పెగ్గులు తప్ప ఏమీ లేకపోతే, మీ పై కిటికీలన్నీ మామూలు గాజుతో పెట్టుకోవచ్చు, ఎందుకంటే చూడబడే ఇల్లే లేదు. ఏడాది తర్వాత పక్కన ఇల్లొస్తే మీ కిటికీ మార్చాల్సిన పని లేదు. ఆ ఇల్లు కట్టేవాళ్లు మాత్రం మీ ఇంటిని ఉన్న ఇల్లుగా లెక్కవేసి తమ కిటికీలకి మసక గాజు పెట్టుకోవాలి.

ముందు కట్టినవాళ్లకి ఇది లాభం. వెనక వచ్చినవాళ్లకి రెండు వైపులా నష్టం: వాళ్ల కిటికీ మసక, వాళ్ల పెరడు మీకు కనిపిస్తుంది. ఎస్టేట్‌లో చివరికి మిగిలిన బ్లాక్ చవగ్గా వస్తోందంటే దాని మూడు సరిహద్దుల అవతల ఇళ్లు ఎలా లేచాయో, వాటి పై కిటికీలు మసకవో కావో వెళ్లి చూస్తే చాలా విషయం తెలుస్తుంది. మా తోడల్లుడి బ్లాక్ అలాంటిదే. రెండు పక్కలా ఇళ్లున్నాయి, వెనక ఒక్కటే ఖాళీ.

అయితే దీనికి పైనుంచి ఇంకో పొర ఉంటుంది. కొన్ని ఎస్టేట్లలో భూమి విభజన ప్లాన్‌తో పాటే బిల్డింగ్ ఎన్వెలప్ అనే గీతలు ఉంటాయి, ఇల్లు ఎక్కడి వరకూ ఎంత ఎత్తు రావచ్చో చెప్పేవి. అందులో 'ఓవర్‌లుకింగ్ జోన్' అని గళ్లు గీసి ఉన్న భాగం కనిపిస్తే, అక్కడి పై కిటికీలు పొరుగుని చూసేవిగానే పరిగణిస్తారు. అలాంటి చోట పక్కది ఖాళీ కదా అన్న ధీమా పనికిరాదు. ఈ కాగితాలు అమ్మకం కాంట్రాక్టు వెనక ఎక్కడో కుట్టి ఉంటాయి, చాలామంది ధర పేజీ దగ్గరే ఆగిపోతారు.

వాలు ఉన్న బ్లాక్

స్థలం పక్కకి 1.2 మీటర్లు వాలుగా ఉందనుకుందాం. ఇల్లు వేయడానికి పై వైపు తవ్వి కింది వైపు మట్టి పోసి చదును చేస్తారు. కింది వైపు మీ ఇంటి నేల పక్కవాళ్ల సరిహద్దు మట్టం కంటే 900 మిల్లీమీటర్లు లేచిందంటే 800 గీత దాటేశారు. పై అంతస్తే లేని ఇంట్లో, హాలు కిటికీకి ఓవర్‌లుకింగ్ వచ్చి కూర్చుంటుంది. అదే ఎత్తున డెక్ వేసినా అంతే, డెక్ అంచుకి తెర కట్టాల్సి రావచ్చు. సైట్ సర్వేలో మట్టాల గీతలు ఉంటాయి కదా, వాలుకి రిటైనింగ్ వాల్ (మట్టిని ఆపే గోడ) ఖర్చు ఎంతవుతుందని మాత్రమే వాటిని చూస్తాం. అవి కిటికీల గురించి కూడా చెబుతున్నాయి.

వాస్తు, ఎండ, పొరుగు: మూడూ ఒకే చోట

మనవాళ్లు బ్లాక్ చూసేటప్పుడు మొదట అడిగేది ఫేసింగ్. ఇక్కడివాళ్లూ దిక్కు అడుగుతారు, కాకపోతే వాళ్లకి కావలసింది ఉత్తరపు ఎండ. దక్షిణార్ధగోళం కాబట్టి సూర్యుడు ఉత్తరం వైపు వాలి నడుస్తాడు, హాలూ పెరడూ ఉత్తరాన ఉంటే చలికాలం ఇల్లు వెచ్చగా ఉంటుంది. పెరడు ఉత్తరాన రావాలంటే వీధి దక్షిణాన ఉండాలి, మనవాళ్లు దక్షిణ ముఖం అంటే వెనకడుగు వేస్తారు.

ప్రైవసీ లెక్క ఈ రెంటి మధ్యలో దూరుతుంది. దక్షిణ ముఖం బ్లాక్‌లో ఎండ వచ్చేది వెనక నుంచి, కాబట్టి పైన వెనక కిటికీలు పెద్దవి కావాలనిపిస్తుంది, సరిగ్గా మసక గాజు పడేది ఆ కిటికీలకే. ఉత్తర ముఖం బ్లాక్‌లో ఎండ వీధి వైపు నుంచి వస్తుంది. వీధి వైపు 9 మీటర్ల లోపల ఎవరి పెరడూ ఉండదు, ముందు 4 మీటర్లు మీవే, తర్వాత రోడ్డు. కాబట్టి పైన ముందు గదులకి ఎంత పెద్ద కిటికీ అయినా మామూలు గాజే, ఎండా వస్తుంది. వాస్తు చూసుకునేవాళ్లకీ అది ఇష్టమైన దిక్కే.

కానీ దానికీ ఒక మూల్యం ఉంది. మెల్‌బోర్న్‌లో జూన్ నెల చివర మధ్యాహ్నం సూర్యుడు 29 డిగ్రీల ఎత్తుకి మించడు. 6 మీటర్ల గోడ నీడ దాదాపు 11 మీటర్లు పడుతుంది. ఇందాకటి ఇంట్లో పై గోడ నుంచి వెనక కంచెకి 10 మీటర్లే. అంటే ఉత్తర ముఖం ఇంటి వెనక పెరడు నడి చలికాలంలో మొత్తం మీ ఇంటి నీడలోనే ఉంటుంది, కరివేపాకు మొక్క బతికించుకోవడం కష్టం. తూర్పు ముఖమైతే పెరడు పడమర, వేసవి సాయంత్రపు ఎండ నేరుగా హాల్లోకి. ఏ దిక్కుకీ అన్నీ కలిసిరావు, ఇంట్లో ఎవరు ఎక్కడ ఎక్కువసేపు గడుపుతారో దాన్ని బట్టే ఏది వదులుకోవచ్చో తేలుతుంది.

కార్నర్ బ్లాక్‌కి రెండు వైపులా వీధి కాబట్టి ఆనుకునే పొరుగు తగ్గుతుంది, మామూలు గాజుకి అవకాశం పెరుగుతుంది. పక్క వీధి వైపు కూడా ఖాళీ వదలాలి, కాబట్టి ఇంటి వెడల్పు తగ్గుతుంది. వెనక పార్కు గానీ వాగు రిజర్వ్ గానీ ఉంటే అటు ఎవరి పెరడూ లేదు. ఇంకొకరి ఇంటి వెనక సన్నటి దారి గుండా లోపలికి పోయే బ్లాక్‌కి మాత్రం నాలుగు వైపులా పెరళ్లే, అక్కడ రెండంతస్తులు వేయడం నిజంగా తలనొప్పి.

చిన్న బ్లాకులు, టౌన్‌హౌస్‌లు, వేరే రాష్ట్రాలు

కొత్తగా పెరుగుతున్న శివార్లలో 300 చదరపు మీటర్ల లోపు బ్లాకులకి చాలా చోట్ల స్మాల్ లాట్ హౌసింగ్ కోడ్ అని వేరే పత్రం వర్తిస్తుంది. 10.5 మీటర్ల వెడల్పు, 28 లోతు బ్లాక్ 294 వస్తుంది, అంటే ఆరు చదరపు మీటర్ల తేడాతో వేరే నిబంధనల కిందకి పోతుంది. ఒకే స్థలంలో రెండు మూడు ఇళ్లు కట్టే టౌన్‌హౌస్‌ల సంగతి ఇంకా వేరు: 2025 మార్చిలో వచ్చిన కొత్త కోడ్‌లో ఓవర్‌లుకింగ్ లెక్క నుంచి పడకగదుల్ని తీసేశారు. స్నేహితుడి టౌన్‌హౌస్ పడకగదికి మామూలు గాజు చూసి మన ఇంటికీ అలాగే వస్తుందనుకోవడానికి లేదు.

పెర్త్‌లో ఉన్న బంధువుల మాట కూడా ఇక్కడ చెల్లదు. పశ్చిమ ఆస్ట్రేలియాలో నేల సహజ మట్టానికి అర మీటరు దాటి లేస్తేనే లెక్క మొదలవుతుంది, మామూలు శివారు ఇళ్లకి పడకగదికీ స్టడీకీ 4.5 మీటర్లు, మిగతా గదులకి 6, బాల్కనీ లాంటి వాటికి 7.5. విక్టోరియాలో పడకగదైనా హాలైనా 9 మీటర్లే. పడకగదిలో మనుషులు కిటికీ దగ్గర తక్కువగా నిలబడతారన్న ఆలోచన పెర్త్ అంకెల్లో కనిపిస్తుంది, నాకైతే అది సబబుగానే అనిపిస్తుంది.

చూడటం తప్పా? పాత తగవు

మా తోడల్లుడు అడిగిన ప్రశ్న, మన కిటికీ మీద వాళ్లకేం హక్కు అన్నది, కోర్టులు కూడా చాలాకాలం తర్జనభర్జన పడినదే. సిడ్నీలో విక్టోరియా పార్క్ అనే గుర్రప్పందాల మైదానం పక్కన ఒకాయన స్థలంలో మంచె కట్టి, కంచె మీదుగా పందేలు చూస్తూ రేడియోలో చెప్పడం మొదలుపెట్టారు. మైదానం వాళ్లు ఆస్ట్రేలియా హైకోర్టు దాకా వెళ్లి 1937లో 3-2తో ఓడిపోయారు. కంచె మీదుగా చూడటం తప్పు కాదు, వద్దనుకుంటే ఎత్తు కంచె కట్టుకోండి అన్నది ఆ తీర్పు సారం. కోర్టు తీర్పుల ద్వారా ఏర్పడిన చట్టంలో (కామన్ లా) పొరుగు చూపు నుంచి రక్షణ లేదు కాబట్టే, ఇలా మీటర్లతో డిగ్రీలతో రాసిన నిబంధన అవసరమైంది.

మన వైపు ఆలోచన వేరుగా నడిచింది. 1882 నాటి ఇండియన్ ఈజ్‌మెంట్స్ యాక్ట్ 18వ సెక్షన్ ఆచారం వల్ల వచ్చే హక్కుల గురించి చెబుతూ ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి కిటికీ: ఒక ఊళ్లో పొరుగింటి ఏకాంతం బాగా దెబ్బతినేలా కొత్త కిటికీ తెరవకూడదన్న ఆచారం ఉంటే, అక్కడ ఇల్లు కట్టేవాడు దానికి లోబడాల్సిందే. 1888లో అలహాబాద్ హైకోర్టు గోకల్ ప్రసాద్ కేసులో ఆ ఆచారాన్ని గుర్తించింది, అక్కడ విషయం పరదాలో ఉండే ఆడవాళ్ల ఇల్లు. ఇంగ్లండ్‌లో ఇలాంటి మలుపు రావడానికి 2023 దాకా పట్టింది, లండన్‌లోని టేట్ మోడర్న్ మ్యూజియం సందర్శకుల బాల్కనీ ఎదుటి ఫ్లాట్లవాళ్లని రోజంతా ఎగ్జిబిషన్‌లా మార్చేసిందని అక్కడి సుప్రీంకోర్టు 3-2తో ఒప్పుకుంది. అది కూడా ఆ స్థాయి చూపుకే, మామూలు పడకగది కిటికీకి కాదు.

రెండు వైపుల వాదన

నిబంధన వద్దనేవాళ్ల మాటలో బలముంది. 8.9 మీటర్లకి మసక గాజు, 9.1కి మామూలు గాజు, మనిషి కంటికి ఆ తేడా ఏముంది? రోజూ ఆ గదిలో పెరిగే పిల్లాడు ఆకాశం చూడకుండా పెరగాలి, పక్కింటివాళ్లు ఆ పెరట్లో వారానికి గంట కూర్చుంటారు. స్థలాలు చిన్నవైపోతున్న కొద్దీ ఇళ్లు దగ్గరపడుతున్నాయి, ప్రతి వెనక కిటికీ మసకబారితే ఊరంతా కళ్లు మూసుకున్న ఇళ్లే. టౌన్‌హౌస్‌లకి పడకగదుల్ని మినహాయించినప్పుడు దాన్ని సమర్థించినవాళ్లు చెప్పిందీ దగ్గరదగ్గర ఇదే.

కావాలనేవాళ్ల మాటా కొట్టిపారేసేది కాదు. మా అమ్మ వచ్చినప్పుడు మొదటి వారం పెరట్లోకి వెళ్లలేదు. తలారబెట్టుకోవడానికి కూడా గ్యారేజీలో కూర్చుంది, ఎందుకంటే పక్కింటి పై కిటికీ మామూలు గాజు, వాళ్లు మా కంటే ముందు కట్టుకున్నారు. ఎవరూ చూడటం లేదని నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు, అయినా కుదరలేదు. పెరడున్న ఇల్లు కావాలని ఇంత దూరం వచ్చి అప్పు చేసేవాళ్లకి ఆ పెరటి విలువ అది కనిపించని చోటుగా ఉండటంలోనే చాలా వరకూ ఉంది. చివరికి కంచె మీద జాలీ వేసి, దానికి చిక్కుడు తీగ పాకించాం. సగం దాగింది.

తోడల్లుడి డ్రాయింగుల విషయానికొస్తే, శనివారం టేపు పట్టుకుని బ్లాక్ దగ్గరికి వెళ్లాం. ఎడమ పక్కింటి కింది అంతస్తు వెనక్కి బాగా పోయింది, కుడి పక్కింటివాళ్లకి కంచె వెంబడే పెద్ద పెరడు, అందులో ఒక ట్రాంపొలిన్. ప్లాన్‌లో మెట్లూ బాత్రూమూ ఎడమ వైపున్నాయి, పడకగదులు కుడి వైపు. ప్లాన్‌ని అద్దంలో చూసినట్టు తిప్పేయమని బిల్డర్‌ని అడిగాడు. కొత్త డ్రాయింగులు పది రోజుల్లో వచ్చాయి. మెట్లూ బాత్రూమూ ట్రాంపొలిన్ వైపు పోయాయి, వెనక పడకగది ఎడమ మూలకి వచ్చింది, మూడు ఓబీఎస్‌లలో రెండు పోయాయి. మూడోది స్టడీ రూమ్‌ది, దానికి హైలైట్ విండో పెట్టించుకుని కింద గోడకి పుస్తకాల అర కట్టించుకుంటానంటున్నాడు. గ్యారేజీ మాత్రం అటు నుంచి ఇటు వచ్చింది, ఇప్పుడు కౌన్సిల్ నాటిన చెట్టు ఒకటి డ్రైవ్‌వేకి అడ్డం ఉంది, దాని గురించి అర్జీ పెట్టాడు.